పగిలిన ఆల్టో జి విజిల్ బదులు తక్కువలో ఏది కొనాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: కొన్నేళ్ళుగా వాయిస్తున్న ఆల్టో జి విజిల్ ప్లాస్టిక్ హెడ్, అంటే నోట్లో పెట్టుకుని ఊదే పై ముక్క, పగిలింది. (విజిల్ అంటే ఇక్కడ నిలువుగా పట్టి ఊదే, ఆరు రంధ్రాల ఐరిష్ వాయిద్యం. జి, డి, ఎ అనేవి అన్ని రంధ్రాలూ మూస్తే పలికే అడుగు స్వరం పేర్లు.) సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, ఎవరు చేశారో తెలియదు. ఉండేది ఐర్లాండ్‌లోని కార్క్‌లో. వారం వారం పబ్‌లో సెషన్‌కి, అంటే అందరూ కలిసి ఐరిష్ ట్యూన్లు వాయించే చోటికి, వెళ్తారు, ఇంట్లో గిటార్ వాయించే స్నేహితురాలి పాటలకు తోడు వాయిస్తారు. చేతులు చిన్నవి, బడ్జెట్ డెబ్భై యూరోలు. ‘ఎలాగూ కొనాలి కదా, ఈసారి లో డి తీసుకుంటే పోలా?’ అన్నారు.

లో డి, అంటే ఆల్టో కంటే పొడవైన, ఇంకా కింది శ్రుతి విజిల్, వద్దు. ఎందుకో చెప్తాను గానీ, దానికంటే ముందు ఆ పగులు ఎక్కడుందో చూడండి.

విజిల్ హెడ్‌లో ముఖ్యమైనవి రెండే. ఒకటి మీరు ఊదిన గాలి వెళ్ళే సన్నటి దారి, రెండోది ఆ గాలి వెళ్ళి తగిలే పలచటి అంచు. ఈ రెండూ బాగుండి, హెడ్‌ని గొట్టానికి తొడిగే చోట మాత్రమే నిలువుగా చీలి ఉంటే ఆ విజిల్ బతికే ఉంది. ప్లాస్టిక్ హెడ్‌లు ఎక్కువగా చీలేది అక్కడే, ఎందుకంటే బిగుతుగా ఉన్నదాన్ని శ్రుతి కోసం మాటిమాటికీ తిప్పి లాగుతాం. చీలికలోకి సూపర్ గ్లూ ఒక చుక్క దింపి, పైన గట్టి దారం సందు లేకుండా చుట్టి, ఆ దారాన్ని కూడా గ్లూతో తడపండి. హెడ్‌ని గొట్టం నుంచి తీసేసి చేయండి, లేకపోతే రెండూ అతుక్కుపోతాయి. బాగా ఆరాక తొడిగితే వదులుగా ఉందనిపిస్తే, ప్లంబర్లు వాడే తెల్ల టెఫ్లాన్ టేపు గొట్టం చివర రెండు చుట్లు వేస్తే సరి. అతుకు దగ్గర గాలి కారుతోందా లేదా తెలుసుకోవడం తేలిక: ఆరు రంధ్రాలూ మూసి మెల్లగా ఊదండి. అడుగు స్వరం నిలబడకుండా పై స్థాయికి (ఆక్టేవ్‌కి) ఎగిరిపోతుంటే ఎక్కడో కారుతున్నట్టే. వేళ్ళు సరిగ్గా మూయకపోయినా ఇలాగే అవుతుంది కాబట్టి ఆ సంగతీ చూసుకోండి.

అదే ఆ పలచటి అంచు చెక్కుకుపోయినా, గాలి దారి పైకప్పు పగిలినా ఆశ వదులుకోండి. అక్కడ వెంట్రుకవాసి తేడా వచ్చినా నాదం పాడవుతుంది. అలాంటిదాన్ని ఇంట్లో బాగుచేయడం కుదరదు.

‘వేరే కంపెనీ హెడ్ ఒకటి తెచ్చి ఈ గొట్టానికి తగిలిస్తే?’ అనే ఆలోచన కూడా వస్తుంది. గొట్టం బయటి వ్యాసం కలిసినా, ఆ అంచు నుంచి మొదటి రంధ్రం వరకు ఉండే దూరం మారిపోతుంది. ఆ దూరం మారితే అన్ని స్వరాలూ ఒకే లెక్కన జరగవు. పై రంధ్రాల స్వరాలు ఎక్కువ జరుగుతాయి, కింది రంధ్రాలవి తక్కువ. రెండు స్థాయిల మధ్య పొంతన కూడా తప్పుతుంది. అదృష్టం బాగుంటే కుదరొచ్చు, కానీ అదృష్టం మీద డబ్బు పెట్టడం నాకు ఇష్టం ఉండదు. తయారుచేసినవారు ఎవరో తెలిస్తే వాళ్ళకి మెయిల్ రాసి హెడ్ ఒక్కటీ అడగొచ్చు. మీ విషయంలో ఆ దారి లేదు.

ఇక లో డి సంగతి. మామూలు డి విజిల్ అడుగు స్వరం 587 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, ఆల్టో జి ది 392, లో డి ది 294. శ్రుతి ఎంత తగ్గితే గొట్టం పొడవు, రంధ్రాల మధ్య ఎడం సుమారుగా అంత పెరుగుతాయి. అంటే చిన్న డి తో పోలిస్తే ఎ విజిల్‌లో వేళ్ళ మధ్య ఎడం 1.33 రెట్లు, జి లో 1.5 రెట్లు, ఎఫ్ లో దాదాపు 1.7 రెట్లు, లో డి లో 2 రెట్లు. జి వరకు చాలామంది వేలి కొనలతోనే మూయగలరు. లో డి కి వచ్చేసరికి బ్యాగ్‌పైప్ వాయించేవాళ్ళలా వేళ్ళు చాచి, మధ్య కణుపుల మెత్తటి భాగంతో మూయాలి. అది వేరే అలవాటు, కొత్తగా నేర్చుకోవాలి, ఊపిరి కూడా ఎక్కువ కావాలి. మీరు పోగొట్టుకున్నది ఆల్టో. ఆ లోటు లో డి తీర్చదు. ఎప్పుడైనా సరదా పుడితే అది వేరే కొనుక్కోండి.

అసలు ఇప్పుడు మనకి తెలిసిన లోహపు లో విజిల్ పుట్టిందే ఇలాంటి ఇబ్బందిలోంచి. ఐరిష్ సంగీతకారుడు ఫిన్‌బార్ ఫ్యూరీ ఇష్టంగా వాయించే భారతదేశపు వెదురు వేణువు ఒక పర్యటనలో విరిగిపోయింది. ఇంగ్లాండ్‌లో బెర్నార్డ్ ఓవర్టన్ దాన్ని బాగుచేయబోయి, కుదరక, బదులుగా అల్యూమినియం గొట్టంతో ఒకటి చేసిపెట్టాడు. ఇది 1971 నాటి మాట. తర్వాత 1980లలో డేవీ స్పిలేన్ లాంటి ఐరిష్ కళాకారుల చేతుల్లో ఆ గొంతు ఊరూరా వినిపించింది. మన వెదురు ముక్క విరగకపోతే ఇదంతా ఎలా జరిగేదో అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

సరే, ఏ శ్రుతి? మళ్ళీ జి యే కావాలా అని ఒకసారి ఆలోచించండి. చాలామంది పోయినదాన్నే మళ్ళీ కొంటారు, మొదటిది ఎందుకు కొన్నారో గుర్తుండదు. మీకు రెండు పనులున్నాయి, ఇంట్లో పాటలు, పబ్‌లో సెషన్. ఈ రెంటికీ కావలసింది ఒకటి కాదు.

ఇంట్లో పాటలకి జి బ్రహ్మాండం. డి విజిల్‌లో డి స్కేల్ వాయించే వేళ్ళతోనే జి వస్తుంది, డి విజిల్‌లో జి వాయించే వేళ్ళతో సి వస్తుంది. మీ స్నేహితురాలు గిటార్ మీద డి కార్డులే పట్టుకుని కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి శ్రుతి పెంచే క్లిప్పు) 5వ ఫ్రెట్ మీద పెడితే మీ జి తో కలిసిపోతుంది. గొంతు కింది శ్రుతిలో ఉన్నవాళ్ళ పాట పక్కన చిన్న డి విజిల్ కీచుమంటుంది. ఆల్టో అలా చేయదు, గొంతుకు దగ్గరగా ఉంటుంది.

సెషన్‌లో మాత్రం జి అంత పనికిరాదు. అక్కడ వాయించే రీళ్ళు, జిగ్‌లు అనే నాట్యపు ట్యూన్లు ఎక్కువగా డి లోనో జి లోనో, వాటి చుట్టాలైన మైనర్లలోనో ఉంటాయి. జి విజిల్ హాయిగా పలికేది అడుగు జి నుంచి రెండు స్థాయిల పైన జి వరకు. డి విజిల్‌లో తేలిగ్గా అందే పై ఎ, పై బి స్వరాలు ఈ పరిధి దాటిపోతాయి. ట్యూన్ రెండో భాగం సాధారణంగా పైకే ఎక్కుతుంది కదా, సరిగ్గా అక్కడ మీరు ఆగిపోవాలి, లేదా ఆ ముక్కని ఒక స్థాయి కిందకి మడిచి వాయించాలి. నెమ్మదైన ఎయిర్లకి, ఒంటరిగా మొదలుపెట్టే ట్యూన్లకి పర్వాలేదు. పదిమంది ఫిడేళ్ళు, అకార్డియన్లతో కలిసి పరుగెత్తేటప్పుడు కాదు.

ఎ విజిల్ ఈ విషయంలో కొంచెం నయం. ఫిడేలు ట్యూన్లు కొన్ని డి లోనే ఉన్నా కింది ఎ వరకు దిగుతాయి. చిన్న డి విజిల్‌తో ఆ కింది స్వరాలు మింగేయాల్సి వస్తుంది. ఎ విజిల్‌లో మూడు రంధ్రాలు మూస్తే డి, అన్నీ మూస్తే కింది ఎ, కాబట్టి ఆ దిగుడు మొత్తం చేతికందుతుంది. ఎ మేజర్ ట్యూన్లు కూడా మెలికలు లేకుండా వస్తాయి. పై బి మాత్రం దీనిలోనూ దొరకదు. వేళ్ళ ఎడం కూడా జి కంటే తక్కువ, చిన్న చేతులకి ఇది తేడానే.

నా మాట ఏంటంటే, ఇంట్లో పాటలే ముఖ్యమైతే జి, సెషన్‌లో కూడా జేబులోంచి తీయాలనుకుంటే ఎ. ఎఫ్ జోలికి ఇప్పుడు పోకండి, మీ చేతులకి అది జి కంటే ఎక్కువ కష్టపెడుతుంది, పలికించే శ్రుతులు మీ పనికి దగ్గరవి కావు. ఇన్నేళ్ళుగా ఆ జి తో పాటలన్నీ కుదుర్చుకుని ఉంటే జి యే తీసుకోండి. స్నేహితురాలి చేత కేపోలన్నీ మార్పించడం దేనికి?

ఇక కంపెనీలు. ధరలు తరచూ మారతాయి, ఈ రోజు ధర మీరే చూసుకోండి. నేను చెప్పేది ఏది ఎలాంటిదో మాత్రమే.

మీ చేతులు, మీ బడ్జెట్, ఇంట్లో పాటలు, ఈ మూడూ కలిపి చూస్తే నేను ముందు చూడమనేది ఇంగ్లాండ్‌లో టోనీ డిక్సన్ పేరుతో వచ్చే ప్లాస్టిక్ ఆల్టో. తేలిగ్గా ఉంటుంది, తక్కువ గాలికే పలుకుతుంది, కింది స్వరాలు మెత్తగా గుండ్రంగా ఉంటాయి. చలికాలంలో లోహంలా పెదవికి చల్లగా తగలదు. లోటు ఒకటే, గొంతు చిన్నది. గోల ఉన్న పబ్‌లో మీ వాయిద్యం మీకే వినపడదు. గిటార్ పక్కన అది లోటు కాదు, గుణం. ఒకే ముక్కగా వచ్చేదీ, హెడ్ లాగి శ్రుతి సరిచేసుకునేదీ రెండు రకాలుంటే, కొంచెం ఎక్కువ పెట్టయినా రెండోదే తీసుకోండి. హైదరాబాద్ వెళ్ళినప్పుడు అది ఎందుకు పనికొస్తుందో కింద చెప్తాను.

పబ్‌లో వినపడాలంటే అమెరికాలో తయారయ్యే సుసాటో. అదీ ప్లాస్టిక్కే, కానీ గట్టిగా, నిటారుగా పలుకుతుంది. పై స్థాయి మాత్రం ఇంట్లో పక్క గదివాళ్ళకి చిరాకు తెప్పించేంత గట్టిది. కొందరికి ఆ గొంతు విజిల్‌లా కాక, స్కూళ్ళలో నేర్పే రికార్డర్ అనే వేణువులా వినిపిస్తుంది, నాకూ కొంచెం అంతే. కానీ ఏ చలిలోనైనా నమ్మకంగా పలికే వాయిద్యం. కొత్తది మీ బడ్జెట్ అంచున ఉండొచ్చు, లేదా దాటొచ్చు.

అల్యూమినియం కావాలంటే ఫిల్ హార్డీ చేసే చీఫ్‌టెన్, కెర్రీ విజిళ్ళు సెకండ్ హ్యాండ్‌లో వెతకండి. వీటికి ఊపిరి కొంచెం ఎక్కువ కావాలి, గొంతు కూడా ఆ మేరకు నిండుగా ఉంటుంది. గోల్డీ, ఎంకే పేర్లతో వచ్చే విజిళ్ళు గొప్పవే, మీ బడ్జెట్‌కి చాలా దూరం. షాపులో వాటిని ఊది చూడకుండా ఉంటేనే మనశ్శాంతి.

ఇంకా తక్కువలో ముగించాలంటే జనరేషన్ కంపెనీ బి ఫ్లాట్ విజిల్ ఉంది. ఇత్తడి లేదా నికెల్ పూత గొట్టం, ప్లాస్టిక్ హెడ్, మామూలు డి విజిల్ కన్నా పెద్దగా ఖరీదు ఉండదు. అది నిజానికి ఆల్టో కాదు, సోప్రానోకి (మామూలు డి లాంటి చిన్న విజిళ్ళకి) ఆల్టోకి మధ్యది. అయినా గొంతులో ఆ నిండుదనం కొంత ఉంటుంది, కొత్తది వచ్చేలోపు చేతులు మొద్దుబారకుండా కాపాడుతుంది. ఒక్కో ముక్క ఒక్కోలా ఉండటం దీనితో చిక్కు. చేతిలో పని ఉన్నవాళ్ళయితే గ్విడో గొంజాటో అనే ఇటలీ ఆయన పీవీసీ పైపుతో విజిల్ ఎలా చేయాలో కొలతలతో సహా ఉచితంగా పెట్టారు. ఒక రంపం, ఆకురాయి, డ్రిల్ ఉంటే చాలు. మొదటి ప్రయత్నం బహుశా పలకదు, పైపు చవకే కాబట్టి బాధ లేదు.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు రెండు జాగ్రత్తలు. ‘జి విజిల్’ అని రాసి ఉంటే అది ఏ జి అన్నది చూడండి. జనరేషన్ లాంటివాళ్ళు చేసే చిన్న జి మీ ఆల్టో కంటే ఒక పూర్తి స్థాయి పైన పలుకుతుంది, పిట్ట కూతలా. ఫొటోలో తేడా తెలియదు, పొడవు చూస్తే తెలుస్తుంది. చిన్నది 22, 23 సెంటీమీటర్లు, ఆల్టో 44 సెంటీమీటర్లకి అటూ ఇటూ. ఎఫ్ విషయంలోనూ ఇదే తిరకాసు. పొడవు రాయని అమ్మకందారుని అడగండి, చెప్పకపోతే వదిలేయండి. ఇంకోటి, బ్రిటన్ ఇప్పుడు ఈయూలో లేదు. 2021 జూలై నుంచి చిన్న పార్సిళ్ళకి కూడా వ్యాట్ మినహాయింపు తీసేశారు, ఐర్లాండ్‌లో అది 23 శాతం. పోస్టేజీ కూడా కలుపుకుంటే, చవక అనుకున్నది ఇక్కడి షాపు ధరనే దాటొచ్చు. కార్క్‌లోనో డబ్లిన్‌లోనో షాపుకి వెళ్ళి ఊది చూసి కొనడంలో ఉన్న లాభం వేరే చెప్పక్కర్లేదు.

సెలవులకి హైదరాబాద్ వెళ్ళినప్పుడు అక్కడే ఒకటి కొనేస్తే ఎలా ఉంటుంది అని కూడా అడిగారు. అక్కడ దొరికేది ఎక్కువగా బాన్సురీ. ఇక్కడ పేర్లతో పొరపాటు పడకండి. హిందూస్థానీ బాన్సురీకి శ్రుతి పేరు, మూడు రంధ్రాలు మూస్తే పలికే షడ్జమాన్ని బట్టి పెడతారు. విజిల్‌కి ఆరూ మూస్తే పలికే స్వరాన్ని బట్టి. కాబట్టి మీ ఆల్టో జి కి సాటి వచ్చేది జి బాన్సురీ కాదు, సి మీడియం అని అడిగితే ఇచ్చేది. దానిలో ఆరు రంధ్రాలూ మూస్తే పంచమం, అంటే జి. పొడవు కూడా దాదాపు మీ విజిలంతే. ధర విజిల్‌తో పోలిస్తే చాలా తక్కువ. కానీ అది అడ్డంగా పట్టి పెదవితో ఊదేది. నాదం రాబట్టడానికే కొన్ని వారాలు పడుతుంది, వేళ్ళ అలవాటు మాత్రమే చాలదు. తిరునాళ్ళలో అమ్మే, విజిల్‌లా నోట్లో పెట్టుకుని ఊదే వెదురు పిల్లనగ్రోవులు పిల్లలకి బాగుంటాయి, గిటార్‌తో శ్రుతి కలవాలని మాత్రం ఆశపెట్టుకోకండి.

షాపులో చేతికి ఇచ్చాక ఏం వాయించాలి? ముచ్చటైన ట్యూన్ కాదు. ముందు అడుగు స్వరం, మెల్లగా, పొడుగ్గా. అది ఎంత గాలికి పగిలి పైకి దూకుతుందో చూడండి. మరీ చిన్న గాలికే దూకితే పాటల పక్కన మీకు టెన్షన్ తప్పదు. తర్వాత పై స్థాయి చివరి రెండు స్వరాలు. అవి గట్టిగా ఊదితే తప్ప రాకపోతే, గొట్టం లావు పొడవుకి మించి ఉందని అర్థం. లావు గొట్టం కింద నిండుగా, పైన మొండిగా ఉంటుంది, సన్న గొట్టం సరిగ్గా దీనికి తిరగబడి ఉంటుంది. మీ పని ఎక్కువగా పాటలే కాబట్టి కింద నిండుగా ఉన్నవైపే మొగ్గండి. ఆ తర్వాత డి విజిల్‌లో సి నేచురల్ వాయించే వేళ్ళు, అంటే పై రంధ్రం తెరిచి దాని వెంటనే కింద ఉన్న రెండూ మూయడం. జి విజిల్‌లో అది ఎఫ్ నేచురల్. శ్రుతిలో లేకపోతే ప్రతిసారీ పై రంధ్రం సగం మూయాల్సి వస్తుంది, వేగంలో అది కష్టం. ట్యూనర్ యాప్ వాడేటప్పుడు ముల్లు చూస్తూ ఊదకండి. కళ్ళు మూసుకుని హాయిగా ఊది, తర్వాత చూడండి. ముల్లు చూస్తూ ఊదితే ఊపిరి తనంతట తానే శ్రుతి సరిచేసుకుంటుంది, వాయిద్యం తప్పు కనపడదు.

సెకండ్ హ్యాండ్ అయితే ఇవే మూడు ముక్కలు రికార్డ్ చేసి పంపమని అమ్మేవాళ్ళని అడగండి. వాయించేవాళ్ళయితే సంతోషంగా పంపుతారు.

కొత్తది వచ్చాక మొదటి వారం నచ్చకపోవచ్చు, చెవి ఇంకా పాతదాని మీదే ఉంటుంది. చిన్న చిన్న లోపాలైతే సర్దుకోవచ్చు. హెడ్ లోపల గాలి దారి కింద బోలుగా ఉంటే ఆ గుంతలో బ్లూ ట్యాక్ (పోస్టర్లు అంటించే మెత్తటి ముద్ద) నొక్కి సమం చేయండి, చాలా చవక విజిళ్ళలో పై స్థాయి దీనితోనే కుదుటపడుతుంది. ఒక్క స్వరం మాత్రమే హెచ్చుగా ఉంటే ఆ రంధ్రం పై అంచు మీద సన్నటి టేపు ముక్క అంటిస్తే తగ్గుతుంది. ఊదుతుంటే గాలి దారిలో తేమ చేరి గొంతు బొంగురుపోతే, మొదలుపెట్టే ముందు హెడ్‌ని కాసేపు అరచేతిలో వెచ్చబెట్టండి. అయినా ఆగకపోతే గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క నీళ్ళలో కలిపి గాలి దారిలో పోసి, విదిలించి, ఆరనివ్వండి. నీటి బొట్లు నిలవకుండా జారిపోతాయి.

లాగే హెడ్ గురించి చెప్తానన్నాను కదా. గాలి వేడెక్కితే విజిల్ శ్రుతి పెరుగుతుంది, ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కి సుమారు 3 సెంట్లు. పక్కపక్క అర్ధస్వరాల మధ్య తేడా 100 సెంట్లు. మన ఊపిరి లోపల గాలిని ఎలాగూ వేడి చేస్తుంది కాబట్టి మొత్తం తేడా కనపడదు. అయినా చల్లటి కార్క్ గదిలో సరిపోయిన విజిల్ మే నెల హైదరాబాద్‌లో చెవికి తెలిసేంత హెచ్చుతుంది. ఆల్టో జి లో హెడ్ 4 మిల్లీమీటర్లు బయటికి లాగితే సుమారు 16 సెంట్లు దిగుతుంది. మరీ లాగితే పై రంధ్రాల స్వరాలు ఎక్కువ దిగి స్కేలే వంకర పోతుంది, కాబట్టి కొంచెం లాగి, మిగతాది ఊపిరి తగ్గించి సర్దుకోండి. ఒకే ముక్క విజిల్‌తో ఈ వీలు ఉండదు. పీవీసీదైతే ఇంకోటి, మధ్యాహ్నం ఎండలో కారు డ్యాష్‌బోర్డ్ మీద వదలకండి, గొట్టం మెత్తబడి వంగిపోతుంది.